సౌత్ క్రాఫ్టీ తగరపు గని: మూత, ముంపు, పునఃప్రారంభం

ఖనిజాన్వేషి

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో, కాంబోర్న్, రెడ్‌రూత్ పట్టణాల మధ్య పూల్ అనే ఊళ్లో సౌత్ క్రాఫ్టీ తగరపు గని ఉంది. 1998 మార్చి 6న దానిని మూసివేయడంతో, కంచు యుగం నుంచి ఏదో ఒక రూపంలో సాగుతూ వచ్చిన కార్న్‌వాల్ తగరపు తవ్వకం పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు కార్నిష్ మెటల్స్ అనే సంస్థ ఆ గనిలో నిండిన నీటిని తోడించి, షాఫ్టును, అంటే గనిలోకి దిగే నిలువు బావిని, బాగుచేయించి, మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టే పనిలో ఉంది. నీరు తోడే పని 2023 చివరలో మొదలైంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గని మూతపడే నాటికి అడుగున మంచి ఖనిజం మిగిలే ఉంది. దానిని తవ్వి అమ్మితే పెట్టిన ఖర్చు తిరిగి వచ్చే ధర మాత్రం మార్కెట్లో లేదు. కాబట్టి పునఃప్రారంభం సాధ్యమా అన్న ప్రశ్నకు భూగర్భశాస్త్రం ఒక్కటే సమాధానం ఇవ్వలేదు. నీటిని ఎంత ఖర్చుతో అదుపులో ఉంచగలరు, ధర పడిపోయిన ఏడాదిని గని ఎలా దాటగలదు అనే రెండు విషయాల మీదనే అంతా ఆధారపడి ఉందని నేను అనుకుంటున్నాను. దీనితో ఏకీభవించనివారు తప్పక రాయండి.

చరిత్ర పాఠకురాలు

ముందు ఆ నేల చరిత్ర కొంత చెప్పుకుంటే చర్చకు ఆధారం దొరుకుతుంది.

ఆ ప్రాంతం మొదట పేరు తెచ్చుకున్నది తగరానికి కాదు, రాగికి. గ్రానైట్ పైన పరుచుకున్న పలక రాతిలో రాగి సిరలు ఉండేవి. కిందికి దిగి గ్రానైట్‌లోకి ప్రవేశించేకొద్దీ రాగి తగ్గి తగరం పెరిగేది. సౌత్ క్రాఫ్టీకి పొరుగునే ఉన్న డోల్కోత్ గనిలో రాగి అడుగంటినప్పుడు మూసేయడమే మేలని పెట్టుబడిదారులు భావించారు. 1840లలో అక్కడ మేనేజరైన కెప్టెన్ చార్లెస్ థామస్ మాత్రం ఇంకా లోతుకు వెళితే తగరం దొరుకుతుందని పట్టుబట్టాడు. కార్న్‌వాల్‌లో గని మేనేజరును కెప్టెన్ అనేవారు. ఆయన మాట నిజమై, 1850లలో డోల్కోత్ మళ్లీ లాభాలు పంచింది, ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు కార్న్‌వాల్‌లో మొదటి వరుస తగరపు గనిగా నిలిచింది. 1921 నాటికి అది మూతపడినా, దాని హద్దులూ, కుక్స్ కిచెన్ వంటి మరికొన్ని పాత గనుల హద్దులూ క్రమంగా సౌత్ క్రాఫ్టీలో కలిసిపోయాయి. అంటే ఈరోజు మనం ఒకే పేరుతో పిలుస్తున్న గని నిజానికి అనేక గనుల కూడిక. ఒకచోట నీరు చేరితే అన్నిచోట్లకూ పాకుతుంది. ఖనిజాన్వేషి గారు చెప్పిన నీటి సమస్యకు మూలం అక్కడుంది.

దీనికి మంచి ఉదాహరణ ఈస్ట్ పూల్ గని. అది 1945లో మూతపడింది. అయినా అక్కడ నీరు తోడే 90 అంగుళాల సిలిండరు ఆవిరి యంత్రాన్ని 1954 వరకు ఆపలేదు. ఆపితే ఆ నీరు సౌత్ క్రాఫ్టీలోకి దిగుతుందని భయం. సౌత్ క్రాఫ్టీ సొంత రాబిన్సన్ షాఫ్టు మీది యంత్రం 1955 మే 1 వరకు నడిచింది. కార్నిష్ గనిమీద పనిచేసిన చివరి ఆవిరి పంపు అదే. ఇప్పుడు దాని చుట్టూ హార్ట్‌ల్యాండ్స్ అనే సందర్శన స్థలం ఉంది. కార్న్‌వాల్, పశ్చిమ డెవాన్ గనుల ప్రాంతాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ గనుల నుంచి తగరంతో పాటు టంగ్‌స్టన్, ఆర్సెనిక్ కూడా వచ్చేవి. ఖనిజాన్ని బట్టీలో కాల్చినప్పుడు వచ్చే ఆర్సెనిక్ పొగను పొడవాటి మెలికల గదుల గుండా పంపితే, గోడలకు తెల్లటి పొడి పేరుకునేది. ఆ పొడిని గోకి తీసే కూలీలు ముక్కుల్లో దూది కుక్కుకొని, చర్మం కనిపించిన ప్రతిచోటా బంకమట్టి పూసుకొని లోపలికి వెళ్లేవారు. అమెరికా పత్తి చేలలో పురుగుల మందుగా ఆ పొడి అమ్ముడుపోయేది. గని బయట ఖనిజాన్ని సుత్తులతో పగలగొట్టే పని ఆడవాళ్లది, పిల్లలది. వారసత్వం అని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ మనుషులు కూడా లెక్కలోకి రావాలి.

లోహ వ్యాపారి

ధర గురించి రాస్తాను, అది నా వృత్తికి దగ్గరి విషయం.

ఉత్పత్తి చేసే దేశాలు, వాడుకునే దేశాలు కలిసి అంతర్జాతీయ తగర మండలిని నడిపేవి. వాడుకునే దేశాల వరుసలో భారతదేశం కూడా సభ్యురాలు. ధర పడిపోతే మండలి కొని నిల్వ చేస్తుంది, పెరిగితే అమ్ముతుంది. పద్ధతి చూడడానికి బాగానే ఉంది. అయితే 1980లలో మండలిలో చేరని బ్రెజిల్ విపరీతంగా తగరం తవ్వి మార్కెట్లోకి వదిలింది. పానీయాల డబ్బాల్లో తగరపు పూత రేకు స్థానాన్ని అల్యూమినియం ఆక్రమించింది. మండలి ధరను నిలబెట్టడానికి అప్పులు చేస్తూ కొంటూ పోయింది. 1985 అక్టోబరు 24న చేతిలో డబ్బు అయిపోయిందని ప్రకటించింది. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ తగరపు వ్యాపారాన్ని ఆపివేసింది, అది మళ్లీ 1989లో గానీ మొదలుకాలేదు. టన్ను 8,000 పౌండ్లకు పైగా పలికిన లోహం కొద్ది నెలల్లో సగానికంటే కిందికి జారింది. బాకీలు రావలసినవారు సభ్య దేశాల మీద కోర్టుకు వెళ్లారు. మండలి అప్పులకు దేశాలు బాధ్యులు కావని 1989లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిచెప్పింది.

ఆ దెబ్బకు కార్న్‌వాల్‌లో గీవర్ గని 1990లో, వీల్ జేన్ 1991లో మూతపడ్డాయి. సౌత్ క్రాఫ్టీకీ, వీల్ జేన్‌కూ ప్రభుత్వం రుణం ఇచ్చింది, గీవర్‌కు సాయం నిరాకరించింది. సౌత్ క్రాఫ్టీ ఆ ఊపిరితో మరికొన్నేళ్లు నెట్టుకొచ్చి 1998లో ఆగింది. అంటే ధర కూలిన 13 ఏళ్లకు.

ఇప్పటి పరిస్థితి వేరు. లోకంలో వాడే తగరంలో దాదాపు సగం సోల్డరుకే పోతోంది. మీ ఫోనులో, కారులో, సోలార్ పలకల్లో అతుకు పెట్టే లోహం అదే. సరఫరా మాత్రం చైనా, ఇండోనేషియా, మయన్మార్, పెరూ, కాంగో వంటి కొద్ది దేశాల చేతుల్లో ఉంది. మయన్మార్‌లోని వా ప్రాంతం 2023 ఆగస్టులో తవ్వకం ఆపింది. కాంగోలోని బిసీ గని సాయుధ తిరుగుబాటుదారులు దగ్గరకు రావడంతో 2025 మార్చిలో కొన్ని వారాలు ఆగింది. ఆ రెండుసార్లూ మార్కెట్ ఉలిక్కిపడింది. బ్రిటన్ తగరాన్ని తన కీలక ఖనిజాల జాబితాలో చేర్చడానికి కారణం సరఫరా ఇలా కొద్ది దేశాల చేతుల్లో ఉండటమే.

అయినా నా అనుమానం నాకుంది. 2022 మార్చిలో టన్ను 40,000 డాలర్లు దాటిన తగరం అదే ఏడాది నవంబరు నాటికి 20,000 కిందికి దిగింది. తొమ్మిది నెలల్లో సగం ధర పోయే సరుకు మీద, పదేళ్లకు పైగా నడవాల్సిన లోతు గనిని ఆధారపరచడం చిన్న విషయం కాదు. పక్కనే డెవాన్‌లో హెమర్డన్ టంగ్‌స్టన్ గనిని 2015లో ఎన్నో ఆశలతో తెరిచారు, 2018లో ఆ కంపెనీ దివాలా తీసింది.

కాంబోర్న్ పూర్వ విద్యార్థి

నేను కాంబోర్న్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివాను. ఆ సంస్థ 1888లో కాంబోర్న్‌లో మొదలైంది, ఇప్పుడు పెన్రిన్‌లో ఉంది. లోహ వ్యాపారి గారి లెక్కను తోసిపుచ్చను. కానీ హెమర్డన్‌నూ సౌత్ క్రాఫ్టీనీ ఒకే గాటన కట్టడం సరికాదు.

హెమర్డన్‌ది నేల పైనుంచే తవ్వే బయలు గని. ఖనిజం పలచన, లాభం రావాలంటే కొండంత రాయిని పిండి చేయాలి. సౌత్ క్రాఫ్టీ కింది భాగంలో నిర్ధారించిన ఖనిజంలో తగరం ఒకటిన్నర శాతం దాకా ఉందని సంస్థ ప్రకటించింది. బిసీ వంటి అరుదైన గనిని పక్కన పెడితే, నేడు పనిచేస్తున్న లేదా ప్రతిపాదనలో ఉన్న గనులలో ఆ శాతం చాలా ఎక్కువ. నిటారుగా దిగే సన్నని సిరలో ఖనిజం ఉంటుంది కాబట్టి, చుట్టూ ఉన్న వట్టి రాయిని ఎంత తక్కువ తీస్తే అంత లాభం. గనివాళ్ల నైపుణ్యమంతా అందులోనే ఉంది. తవ్వకానికి అనుమతి 2071 వరకు ఉండటం కూడా ఈ గనికి కలిసివచ్చిన విషయం.

ఖనిజంలో తగరం ఎంతుందో పరీక్షించే పాత పద్ధతి ఒకటి మాకు చూపించారు. దాని పేరు వానింగ్. వెడల్పాటి పారలో గుప్పెడు పొడిచేసిన ఖనిజం వేసి, నీళ్లు పోసి, మణికట్టుతో గుండ్రంగా తిప్పుతూ మధ్యమధ్య ఒక్క కుదుపు ఇస్తారు. తేలికైన రాతి పొడి అంచుకు కొట్టుకుపోతుంది. తగరపు ఖనిజమైన కాసిటరైట్ నీటికంటే ఏడు రెట్లు బరువు కాబట్టి వెనకబడి, పార ఎగువ అంచున నల్లటి నెలవంకలా నిలుస్తుంది. ఆ నెలవంక ఎంత వెడల్పుగా ఉందో చూసి, ఈ రాయిలో తగరం పాలెంతో చేయితిరిగిన మనిషి ఇట్టే చెప్పగలిగేవాడు. ఇప్పటి మిల్లులో వాడే ఊగే బల్లలూ స్పైరల్ తొట్లూ పనిచేసేది అదే సూత్రం మీద. ఎక్స్‌రే సాయంతో వట్టి రాయిని ముందే వేరుచేసే యంత్రాలు కొత్తగా వచ్చాయి. మిల్లుకు వెళ్లే రాయి తగ్గితే కరెంటు ఖర్చూ, బయట పోగయ్యే వ్యర్థమూ తగ్గుతాయి. 1998లో లేని వెసులుబాటు ఇది.

నదీతీరం

కార్న్‌వాల్‌లోని ట్రూరో దగ్గర ఉంటున్నాను, కాబట్టి నీటి సంగతి నేను చెబుతాను.

వీల్ జేన్ మూతపడ్డాక పంపులు ఆపేశారు. నీరు పైకి పాకింది. 1992 జనవరిలో నాన్‌గైల్స్ అడిట్‌కు పెట్టిన అడ్డు తెగి, ఆమ్లం, ఇనుము, జింకు, కాడ్మియం నిండిన నీరు కార్నన్ నదిలోకి, అక్కడి నుంచి ఫాల్ నదీముఖంలోకి విరుచుకుపడింది. నది నారింజ రంగుకు మారింది. అడిట్ అంటే గని నీరు బయటకు పోవడానికి కొండవాలులోకి తవ్విన అడ్డసొరంగం. ఆ నీటిని శుద్ధి చేసే కేంద్రం నేటికీ ప్రజల సొమ్ముతో నడుస్తోంది. గనిని మూసేస్తే ఖర్చు ఆగిపోతుందని అనుకునేవారు ఈ ఒక్క సంఘటనను చదివితే చాలు.

సౌత్ క్రాఫ్టీలోనూ పంపులు ఆగాక కొన్నేళ్లలో నీరు అడిట్ మట్టానికి చేరి, శుద్ధి లేకుండానే రెడ్ రివర్ అనే చిన్న నదిలోకి పారుతూ వచ్చింది. ఆ నది గాడ్రెవీ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇప్పుడు కట్టిన శుద్ధి కేంద్రం రోజుకు 25,000 ఘనపు మీటర్ల వరకు నీటిని తీసుకొని, సున్నం కలిపి, ఇనుమూ ఆర్సెనిక్ వంటివి మడ్డిగా దిగేలా చేసి, తేటనీటిని నదిలోకి వదులుతోంది. గని ప్రధాన షాఫ్టు అయిన న్యూ కుక్స్ కిచెన్ లోతు సుమారు 800 మీటర్లు. నీటి మట్టం తగ్గేకొద్దీ పంపులను కిందికి దింపుతూ, బయటపడిన షాఫ్టు గోడలనూ ఉక్కు చట్రాలనూ బాగుచేస్తూ పోవాలి. ఈ రెండు పనులూ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడుతుంటాయి కాబట్టి ఆలస్యం సహజం.

గని తెరవడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. ధర పడి సంస్థ చేతులెత్తేస్తే, శుద్ధి కేంద్రాన్ని ఎవరు నడుపుతారు? దానికోసం విడిగా, ఎవరూ ముట్టుకోలేని నిధి ఉండాలి. ఇది లేకుండా ఎన్ని ఉద్యోగాల పేరు చెప్పినా నేను ఒప్పుకోలేను.

కేజీఎఫ్ బిడ్డ

ఈ చర్చ చదువుతుంటే మా ఊరి గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. మాది కోలారు బంగారు గనుల ఊరు. మా తాతయ్య చిత్తూరు జిల్లా నుంచి అక్కడికి కూలికి వెళ్లాడు. తమిళం, తెలుగు, కన్నడం కలగలిసిన ఆ కార్మికుల మధ్య పైవర్గంగా ఉన్నది కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లే. 1880 నుంచి ఆ గనులను నడిపించిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థకు కార్న్‌వాల్ గనులతో పాత అనుబంధం ఉంది. రాగి ధర పడి, ఆస్ట్రేలియా, మలయా తగరం పోటీకి వచ్చి సొంత ఊళ్లో పని పోయినప్పుడు వాళ్లు మెక్సికోకు, కాలిఫోర్నియాకు, దక్షిణ ఆస్ట్రేలియాకు వెళ్లినట్టే మన దగ్గరికీ వచ్చారు. వాళ్లకు బంగళాలు, క్లబ్బులు ఉంటే మావాళ్లకు వెదురు తడికల ఇళ్ల లైన్లు ఉండేవి. ఆ తేడాను మర్చిపోయి ఆ కాలాన్ని తీపి జ్ఞాపకంగా రాసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. సౌత్ క్రాఫ్టీ తర్వాత మూడేళ్లకు. టన్ను రాయికి దొరికే బంగారం తగ్గి, లోతుకు వెళ్లే ఖర్చు పెరిగి, రెండూ కలవకుండా పోయాయి. గనిలోకి నీరు చేరింది. సైనైడుతో శుద్ధి చేసిన ఇసుక దిబ్బల నుంచి వేసవి గాలికి లేచే దుమ్ము ఇళ్లలోకి వస్తూనే ఉంది. మా వీధిలో చదువుకున్న పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వెళ్లి రాత్రికి తిరిగివస్తారు.

సౌత్ క్రాఫ్టీలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. నీటిని తోడటం, శుద్ధి చేయడం ముందు పెట్టుకున్నారు, తవ్వకం తర్వాత. మా దగ్గర ఎప్పుడు మాట వచ్చినా దిబ్బల్లో మిగిలిన బంగారం ఎంత అన్నదే ముందు వస్తుంది. దిబ్బ కింద బతుకుతున్న ఊరి సంగతి ఆఖరున వస్తుంది. కోలారు పట్టీ దక్షిణపు కొసన, మన చిత్తూరు జిల్లా చిగరగుంటలోని గని కూడా ఆ కాలంలోనే ఆగిపోయింది. దాన్ని మళ్లీ తెరవాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఆ మాట ఎత్తేవాళ్లు కార్న్‌వాల్ అనుభవాన్ని శ్రద్ధగా చదవాలని నా విన్నపం.

చరిత్ర పాఠకురాలు

కేజీఎఫ్ బిడ్డ గారూ, మీరు రాసినది చదివాక ఒక విషయం చేర్చాలనిపించింది. సౌత్ క్రాఫ్టీ పునఃప్రారంభం ఒకే గెంతులో జరిగిన పని కాదు. 2001లో ఒక చిన్న సంస్థ గనిని కొని మళ్లీ తెరుస్తామంది. అదే స్థలంలో ఇళ్లు, దుకాణాలు కట్టాలని ప్రాంతీయ అభివృద్ధి సంస్థ పట్టుబట్టడంతో ఏళ్ల తరబడి వివాదం నడిచింది. తర్వాత చేతులు మారి, 2013లో గని యాజమాన్యం దివాలా నిర్వహణలోకి వెళ్లింది. 2016లో కెనడాకు చెందిన స్ట్రాంగ్‌బో సంస్థ తీసుకొంది, అదే 2020లో కార్నిష్ మెటల్స్‌గా పేరు మార్చుకుంది. ఇరవై ఏళ్లలో ఇన్నిసార్లు ఆశ పుట్టి పోయిన ఊరిలో, ఈసారైనా నిజమా అని స్థానికులు అడగడం న్యాయమే.

ఖనిజాన్వేషి

ఈసారి తేడా పెట్టుబడిలో ఉందని నేను అనుకుంటున్నాను. 2022లో విజన్ బ్లూ రిసోర్సెస్ ప్రధాన పెట్టుబడిదారుగా వచ్చింది. 2025 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వానికి చెందిన జాతీయ సంపద నిధి 28.6 మిలియన్ పౌండ్ల వాటా పెట్టుబడిని ప్రకటించింది. 1986లో ప్రభుత్వం రుణం ఇచ్చింది. ఇప్పుడు వాటాదారుగా చేరింది. రుణమిచ్చినవాడికి ధర పడినప్పుడు వసూలు చేసుకోవడం ముఖ్యం, వాటాదారుకు గని నిలబడటం ముఖ్యం. నేను మొదట్లో అడిగిన, లోహ వ్యాపారి గారు అనుమానపడిన, ధర పడిన ఏడాదిని ఎలా దాటతారన్న ప్రశ్నకు ఇది కొంత సమాధానం, పూర్తి సమాధానం మాత్రం కాదు. నదీతీరం గారి నిధి ప్రతిపాదనను నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. ప్రజల సొమ్ము వాటాగా చేరినప్పుడు, శుద్ధి కేంద్రం ఖర్చుకు హామీ అడిగే హక్కు కూడా ప్రజలకు దానితోపాటే వస్తుంది.

లోహ వ్యాపారి

వాటా విషయం ఒప్పుకుంటున్నాను. అయితే కీలక ఖనిజం, దేశ భద్రత అని మాట్లాడేవాళ్లను ఒకటి అడగాలి. గని నుంచి బయటికి వచ్చేది లోహం కాదు, ఖనిజ సాంద్రం, అంటే వట్టి రాయిని వేరుచేశాక మిగిలే ఖనిజపు పొడి. దాన్ని కరిగించి తగరం తీసే స్మెల్టరు బ్రిటన్‌లో లేదు. హల్ దగ్గర ఉన్న క్యాపర్ పాస్ స్మెల్టరు 1990లలో మూతపడింది. కాబట్టి కాంబోర్న్ సాంద్రం ఓడ ఎక్కి ఆసియాకో మరోచోటికో వెళ్లి, లోహమై తిరిగిరావాలి. సరఫరా గొలుసులో ఒక కొక్కెం సొంతం, మిగతావి పరాయివి. దీనిపై పూర్వ విద్యార్థి గారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

కాంబోర్న్ పూర్వ విద్యార్థి

మీ మాట నిజం. ఒక గని కోసం స్మెల్టరు కట్టడం గిట్టుబాటు కాదు. ఏడాదికి కొన్ని వేల టన్నుల తగరంతో దాని కడుపు నిండదు. అయినా సాంద్రం చేతిలో ఉన్నవాడికి బేరమాడే అవకాశం ఉంటుంది. ముడిసరుకు కొరతతో ఉన్న స్మెల్టర్లు ఆసియాలోనూ యూరప్‌లోనూ ఉన్నాయి. పాత సోల్డరునూ తుక్కునూ కరిగించి తగరం తీసే బెల్జియం కర్మాగారాలు వాటిలో కొన్ని. ఎవరికి అమ్మాలి, లోహంలో ఎంత వాటా వెనక్కి తీసుకోవాలి అనే షరతులు అమ్మకపు ఒప్పందంలోనే రాసుకోవచ్చు. ప్రభుత్వం వాటాదారు కాబట్టి ఆ షరతుల కోసం పట్టుబట్టవచ్చు కూడా. నా దృష్టిలో ఉత్పత్తి మొదలయ్యేలోగా తేలవలసిన పెద్ద విషయం అదే. షాఫ్టు బాగుచేసే పని ఇంజినీర్లు ఎలాగైనా చేస్తారు.

నదీతీరం

అమ్మకపు ఒప్పందంతో పాటు శుద్ధి నిధి షరతును కూడా అదే కాగితాల్లో చేర్చాలి. స్థానిక కౌన్సిల్ ప్రజాభిప్రాయం కోరినప్పుడు ఈ రెండు అంశాలనూ లిఖితపూర్వకంగా పంపుతాను. పూర్వ విద్యార్థి గారు సాంకేతిక భాగం రాసిస్తే నా లేఖకు బలం చేకూరుతుంది.

కాంబోర్న్ పూర్వ విద్యార్థి

తప్పకుండా రాసిస్తాను. పంపులు నడపడానికి అయ్యే కరెంటు, సున్నం, మడ్డి తరలింపు, ఈ మూడు ఖర్చులకూ విడివిడిగా అంచనా వేద్దాం. గని ఆగిపోయినా ఆగని ఖర్చులు అవే.